అద్దె ఇల్లు, రెండు గ్లాసులు: కుల వివక్ష మీద ఊళ్ళో ఆడే కామెడీ ఎట్లా రాయాల?

పత్తికొండ_బృందం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పత్తికొండ, ఆలూరు, ఆస్పరి వైపు ఊళ్ళలో వేసేదానికి 15 నిమిషాల స్కిట్ ఒకటి, దాని వెనకాలే 10 నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి అనుకుంటున్నాం. విషయం దళితుల మీద వివక్ష. టీ బంకులో రెండు గ్లాసులు (దళితులకు ఒకటి, మిగతావాళ్ళకు ఒకటి), టౌన్లో అద్దె ఇల్లు, గుడి గడప, ఈ మూడిట్లో ఒకటి. ఉపన్యాసం వద్దు, జనం నవ్వాల. టీములో ఏడుగురం, ఐదుగురు ఎస్సీ కాలనీ వాళ్ళమే. తీసేది ఫోనుతోనే. ఖర్చు 20 వేలు దాటగూడదు.

తెలిసినోళ్ళు చెప్పండి. నవ్వు తిరిగి మన మీదికే రాకుండా ఎట్లా రాయాల? పెద్దమనిషి పాత్ర రాస్తే హీరో మాదిరి తయారవుతా ఉంది, దాన్ని ఎట్లా దించాల? పర్మిషన్లు ఏం కావాల, కేసుల గోల ఎంత? ప్రొజెక్టరు, సౌండు ఏ సైజువి సరిపోతాయి?

జుట్టుపోలిగాడు:

ముందు టీ బంకు పక్కన పెట్టండి, అద్దె ఇల్లు పట్టుకోండి. రెండు గ్లాసుల మీద వేస్తే ముందు వరుసలోంచి వచ్చే మొదటి మాట "ఇప్పుడు యాడుండాయప్పా, అన్నీ పేపర్ కప్పులే గదా" అని. అక్కడితో కథ ఆగిపోయి, ఉన్నాయా లేవా అనే పంచాయితీ మొదలవుతుంది. ఒకరికి స్టీలు గ్లాసు, ఒకరికి పేపర్ కప్పు ఇచ్చే చోట ఆ పద్ధతి బతికున్నట్టే. అది ఐదు నిమిషాల ముక్కకు బాగుంటుంది గానీ పదిహేను నిమిషాలు మోయదు.

అద్దె ఇంటి సంగతి వేరే. కర్నూలు, నంద్యాల, అనంతపురం యాడైనా సరే, చాలాచోట్ల ఇంటాయన కులం సూటిగా అడగడు. అడక్కుండా తెలుసుకోవాలని తంటాలు పడతాడు. ఆ తంటాలే మీ కామెడీ. చెమట ఆయనకు పట్టాల. అద్దెకొచ్చిన పిల్లోడు అడిగినదానికి నిజమే చెప్పుకుంటా పోవాల, అంతే. వాణ్ణి అమాయకుణ్ణి చేస్తే జనం వాణ్ణి చూసి నవ్వుతారు. మరీ తెలివిగా పంచులేయిస్తే ముందర కూర్చున్న పెద్దోళ్ళు "మనల్నే అంటాండాడు" అని తువ్వాలు దులుపుకోని లేస్తారు.

నమూనాగా కొంచెం రాస్తా:

ఇంటాయన: పేరేం నాయనా?
పిల్లోడు: రవికుమార్ సార్.
ఇంటాయన: రవికుమార్... (ఆగి) అంతేనా? వెనకాల ఏం లేదా?
పిల్లోడు: (వెనక్కి తిరిగి చూసి) బ్యాగుంది సార్.
ఇంటాయన: అది కాదులే. యా ఊరు?
పిల్లోడు: ఆస్పరి పక్కన సార్.
ఇంటాయన: ఊర్లో యా పక్క? ఆంజనేయసామి గుడి పక్కనా, ఇవతలా?
పిల్లోడు: బస్టాండు పక్కన సార్.
(బస్టాండు ఏ కులానిదో తేలక ఇంటాయన భార్య వైపు చూస్తాడు.)
ఇంటాయన: ఆదివారం పొద్దున ఏం చేస్తావు?
పిల్లోడు: బట్టలుతుకుతా సార్.
ఇంటాయన: (ఉలిక్కిపడి) ఎవురివి?
పిల్లోడు: నావే సార్.
ఇంటాయన: ఆధార్ ఇయ్యి. (కార్డు ఇటూ అటూ తిప్పి) అన్నీ ఉండాయి, అసలుది లేదే! కులం సర్టిఫికెట్ గాని ఉందా?
పిల్లోడు: ఉంది సార్. అద్దెలో రిజర్వేషన్ ఇస్తారా?

చివరి మాట వాడు నిజంగా ఆశపడి అడిగినట్టే అనాల. కన్ను గీటితే పోయింది. దాని తర్వాత ఇంటాయనకు మూడు సెకన్లు మాట రాగూడదు. నవ్వు వచ్చేది ఆ మూడు సెకన్లలోనే, కాబట్టి వెనకనుంచి ఎవురూ తొందరపడి డైలాగు అందుకోగూడదు.

స్క్రిప్టు అయినాక ప్రతి నవ్వు పక్కన పెన్సిల్‌తో, అది ఎవరి మీద పడుతుందో పేరు రాయండి. పిల్లోడి పేరు వచ్చిన జోకులన్నీ కొట్టేయండి, ఎంత బాగున్నా సరే. వాడి రంగు, యాస, చొక్కా, తిండి మీద ఒక్కటి కూడా వద్దు. అట్లాంటిది ఒక్కటి మిగిలినా తెల్లారి ఊళ్ళో పిల్లోళ్ళు బళ్ళో దాన్నే అనుకుంటారు, మిగతా జోకులన్నీ మర్చిపోతారు.

ఆరుబయట మొదటి నవ్వు 40 సెకన్ల లోపల రావాల, లేదంటే నిలబడినోళ్ళు కదిలిపోతారు. నడిపించేదానికి ఇద్దరు వ్యాఖ్యాతలు కావాలంటే తోలుబొమ్మలాటలో ఉన్న జంటనే వాడుకోవచ్చు, నా పేరు చూశారు గదా. నిమ్మలకుంట బొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క కథ మధ్యలో దూరి ఎవుర్నైనా ఏమైనా అంటారు, జనం ఏమనుకోరు. ఆ చనువు మీకు ఉచితంగా దొరుకుతుంది. కాకపోతే ఆ జంట పాత హాస్యంలో సగం ఆడోళ్ళ మీద, ఒళ్ళు మీద ఉంటుంది. రూపం తీసుకోండి, ఆ సరుకు వదిలేయండి.

కడప_కెమెరా:

పెద్దమనిషి హీరో అవుతున్నాడంటే తప్పు డైలాగులో కంటే షాటులో ఉంటుంది. ఫ్యాక్షన్ సినిమాలు పాతికేళ్ళుగా మన కళ్ళకు ఒక అలవాటు చేశాయి. కింద నుంచి షాటు, స్లో మోషన్‌లో చెప్పులు, తెల్ల పంచె, వెనకాల డప్పుల మ్యూజిక్. ఈ నాలుగిట్లో రెండు పెడితే చాలు, వాడు ఎంత నీచంగా మాట్లాడినా కుర్రోళ్ళు విజిలేస్తారు. ప్రాస డైలాగు కూడా అంతే. చివర్లు కలిసిన వాక్యం ఏదైనా తెల్లారేసరికి వాట్సాప్ స్టేటస్ అవుతుంది.

కెమెరా అతని కళ్ళ ఎత్తులో, వీలైతే నాలుగైదు అంగుళాలు పైన పెట్టండి. నిలబెట్టకండి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టండి. మాట్లాడుతున్నంతసేపు చేతికి ఒక చిన్న పని ఇవ్వండి. ఓటీపీ వచ్చిందా అని ఫోను దూరంగా పెట్టి చూసుకోవడం, బీపీ మాత్ర స్ట్రిప్పులోంచి రాక గోళ్ళతో గీకడం, అట్లాంటివి. మనిషి చిన్నగా కనిపిస్తాడు, క్రూరత్వం మాత్రం తగ్గదు. అతను మాట్లాడేటప్పుడు మ్యూజిక్ పూర్తిగా తీసేయండి. పూర్తయ్యాక సౌండు మ్యూట్ చేసి ఒకసారి చూడండి. మాట వినపడకుండానే అతను గొప్పోడిగా కనిపిస్తే ఆ షాటు మళ్ళీ తీయాల్సిందే.

మేకప్ సంగతి. దళిత పాత్ర అనగానే నటుడి మొహానికి నల్ల రంగు పూసే అలవాటు పెద్ద సినిమాలకే ఉంది, మీకు అక్కర్లేదు. అద్దెకొచ్చిన పిల్లోడికి ఇస్త్రీ చేసిన చొక్కా వేయండి. ఇంటాయన కన్ఫ్యూజ్ కావాలంటే అదే ముఖ్యం.

ఫోన్ సెట్టింగు: సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్, 30 ఫ్రేముల మీద పెడితే ట్యూబ్‌లైటు కింద పట్టీలు పట్టీలుగా వెలుతురు ఆడుతుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి. కాలర్ మైకు గడ్డం కింద ఒక జానెడు దూరంలో, చొక్కా లోపల కాకుండా బయట. ఫ్యాను ఆపేయాల. మే నెలలో కడపలో ఇది శిక్షే, అయినా ఆపాల, షాటుకు షాటుకు మధ్య వేసుకోండి. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల ఖాళీ శబ్దం రికార్డు చేసి పెట్టుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు వినపడవు. కామెడీకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే జుట్టుపోలిగాడు అన్న చెప్పిన ఆ మూడు సెకన్లలో సౌండు పూర్తిగా కట్ అయితే జనం నవ్వరు, పెన్‌డ్రైవ్ పాడైందేమో అని ప్రొజెక్టరు వైపు తిరుగుతారు.

పత్తికొండ_బృందం:

అన్నా, ఇప్పుడున్న స్క్రిప్టులో ఇంటాయన చివర్లో కులం పేరు పెట్టి తిడతాడు. తీసేస్తే బలం తగ్గదా? నిజంగా జరిగేది అదే గదా.

నల్లకోటు_అనంతపురం:

తీసేయండి, రెండు కారణాలు.

మొదటిది చట్టం. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(ఆర్) నలుగురిలో కావాలని అవమానించడం గురించి, 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడం గురించి. రెండూ ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి చేస్తే వర్తించేవి. కథలో ఒక పాత్ర అనడం, మనిషి మనిషిని అనడం ఒకటి కాదు, అక్కడ అవమానించే ఉద్దేశం ఉండదు. కానీ ఆ ఉద్దేశం లేదని తేలేలోపు స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే. రెండో కారణం ఇంకా పెద్దది. పది నిమిషాల సినిమాలోంచి ఆ ఎనిమిది సెకన్లు కోసి గ్రూపుల్లో తిప్పుతారు, అప్పుడు అది వివక్షకు వ్యతిరేకంగా తీసిన సినిమా కాదు, ఒక తిట్టు మాత్రమే. కాబట్టి ఎక్కడ కోసినా అర్థం తిరగబడకుండా, ఘాటు మాట, దానికి జవాబు ఒకే షాటులో కట్ లేకుండా ఉండేలా రాసుకోండి.

తిట్టు కంటే బలమైన సరుకు చట్టంలోనే ఉంది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 3(1)(జెడ్‌ఏ) చదవండి. ఊళ్ళో సైకిల్, మోటార్‌సైకిల్ మీద పోకుండా ఆపడం, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా ఆపడం, పెళ్ళి ఊరేగింపు ఆపడం, పెళ్ళి ఊరేగింపులో గుర్రం ఎక్కకుండా ఆపడం, ఇవన్నీ నేరాలని ఒక్కొక్కటే పేరు పెట్టి రాశారు. వ్యాఖ్యాత పాత్ర ఈ జాబితాను ఏ భావమూ లేకుండా, రేషన్ సరుకుల పట్టీ చదివినట్టు చదివితే చాలు. చెప్పులేసుకోని నడవచ్చు అని పార్లమెంటు కూర్చోని రాయాల్సి వచ్చింది గదా. మీరు కలపాల్సిన జోకు ఏమీ లేదు.

మీ రెండు విషయాలకూ పాత చట్టమే ఉంది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టంగా వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారింది. దాని 4వ సెక్షన్‌లో హోటల్లో వాడే పాత్రల సంగతి, ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండే హక్కు సంగతి రెండూ ఉన్నాయి. రెండు గ్లాసులు నేరమై డెబ్బై ఏళ్ళయింది.

పర్మిషన్లు. స్కిట్‌కు సెన్సార్ ఉండదు. స్టేషన్‌లో వారం ముందు అర్జీ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందంటే సభలకు, ఊరేగింపులకు అనుమతి తప్పనిసరి. అది మన జిల్లాల్లో తరచూ అమల్లోనే ఉంటుంది. మైకుకు వేరే అనుమతి, రాత్రి 10 దాటితే ఆపాల్సిందే. పంచాయతీ స్థలమైతే కార్యదర్శికి ఒక కాగితం. సినిమాకు మాత్రం జాగ్రత్త. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం లెక్కలో బయలులో తెర కట్టి వేయడం బహిరంగ ప్రదర్శనే, సర్టిఫికెట్ అడిగితే ఇబ్బంది పడతారు. యూట్యూబులో పెట్టడానికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. అందుకే ఊళ్ళో స్కిట్‌నే ప్రధానంగా పెట్టుకోండి, ఫిల్మ్ ఆన్‌లైన్‌కు. వేరేవాళ్ళ సినిమా వేయాలంటే నిర్మాత అనుమతి కావాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది కేసు కాదు. ఏ ఊళ్ళో ఆడతారో ఆ ఊరి టీ బంకు, ఆ ఊరి ఇంటి రంగు, ఆ ఊరి పెద్దమనిషి ఊతపదం స్కిట్‌లో కనిపించగూడదు. మీరు ఆడేసి ఆటో ఎక్కుతారు. మర్నాడు కూలి పిలుపు ఆగిపోయేది కాలనీ వాళ్ళకు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 3(1)(జెడ్‌సి) కింద నేరమే. కానీ నేరమని రాసినంత మాత్రాన ఆ వారం కూలి చేతికి రాదు.

సంతబయలు:

ఫీల్డు పని గురించి చెప్తా.

స్థలం ఎంపికలోనే సగం కథ తేలిపోతుంది. ఎస్సీ కాలనీలో వేస్తే పై వీధుల వాళ్ళు రారు, మీరు చెప్పాల్సిన వాళ్ళే ఉండరు. ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతికి వేసినా అదే పరిస్థితి, పైగా డీజేతో పోటీ. రచ్చబండ దగ్గరో గుడి ముందరో వేస్తే కాలనీ వాళ్ళు చివర్లో నిలబడతారు. హైస్కూలు గ్రౌండు, సంత జరిగే బయలు, బస్టాండు మంచివి.

కుర్చీలు వేయకండి. ఇరవై కుర్చీలు వేశారంటే అవి ఎవరికి పోతాయో, ఎవరు కింద కూర్చుంటారో ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది, మీ స్కిట్ మొదలవకముందే ఊరు తన స్కిట్ ఆడేస్తుంది. పెద్ద టార్పాలిన్లు పరిచి అందరినీ కిందనే కూర్చోబెట్టండి. మోకాళ్ళ నొప్పుల ముసలోళ్ళకు ఆరేడు కుర్చీలు వెనక వరుసలో.

జనాన్ని పోగేసేదానికి డప్పు కొట్టిద్దామని అందరూ అనుకుంటారు. ఆలోచించండి. కాలనీ వాళ్ళను పిలిచి డప్పు కొట్టించి, జనం వచ్చాక పక్కకు పొమ్మంటే, ఊరు ఇన్నాళ్ళూ చేయించిన పనే మీరూ చేయించినట్టు. డప్పు పెట్టుకుంటే దాన్ని కార్యక్రమంలో మొదటి అంశంగా పెట్టండి, పది నిమిషాలు, వేదిక మీద, కళాకారుల పేర్లు మైకులో చెప్పి, ముందే మాట్లాడుకున్న డబ్బు ఇచ్చి. అంత కుదరకపోతే ఆటోలో మైకు ప్రచారం చాలు.

ఎవరైనా ఫిల్మ్ కూడా వేస్తామంటే: 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు తెరకు 3000 నుంచి 3500 ల్యూమెన్ల (వెలుతురు కొలత) ప్రొజెక్టరు చాలు, 150 మందికి కనిపిస్తుంది. వేసవిలో ఏడుంపావు లోపల వెలుతురు పోదు, ఆత్రపడకండి. తెర వెనక వీధిలైటు ఉంటే లైన్‌మన్‌ను ముందే కనుక్కోండి. అనంతపురం వైపు గాలి ఎక్కువ. తెరను నాలుగు మూలలా కాకుండా అడుగుకొక తాడు చొప్పున వెదురుకు కట్టండి, కింద అంచుకు ఇసుక సంచులు. లేదంటే తెర ఉబ్బి ముఖాలు సాగుతాయి, దానికి వచ్చే నవ్వు మీరు రాసింది కాదు. కరెంటు పోతే ప్రొజెక్టరు ఫ్యాను కూడా ఆగిపోయి లోపలి ల్యాంపు వేడికి దెబ్బతింటుంది, అద్దెకిచ్చినోడు దాని డబ్బు మీ దగ్గరే వసూలు చేస్తాడు. చిన్న యూపీఎస్ మధ్యలో పెట్టండి.

సౌండు మీద మాత్రం ఖర్చుకు వెనకాడొద్దు, మీ డబ్బులో పెద్ద భాగం దానికే పోనీండి. డీజే బాక్సులు వద్దు, బేస్‌లో మాట మునిగిపోతుంది. మాట వినపడని జోకు జోకే కాదు. 12 అంగుళాల స్పీకర్లు రెండు, స్టాండు మీద ఆరడుగుల ఎత్తులో. స్కిట్‌కు చేతి మైకు పట్టుకుంటే నటన చచ్చిపోతుంది. ఇద్దరికి కాలర్ మైకులు, మిగతావాళ్ళకు ముందర రెండు స్టాండు మైకులు.

అయిపోయాక చర్చ పెడితే 20 నిమిషాలకు మించొద్దు. "మీలో ఎవరికైనా ఇట్లా జరిగిందా?" అని ఎట్టి పరిస్థితిలోనూ అడగొద్దు. పొలం యజమాని ముందర కూలి మనిషిని సాక్ష్యం చెప్పమన్నట్టు అవుతుంది. "ఆ ఇంటాయన ఎందుకంత తిప్పలు పడ్డాడు? సూటిగా అడగడానికి ఏం అడ్డం వచ్చింది?" అని అడగండి. జవాబు చెప్పాల్సిన బరువు అవతలి వాళ్ళ మీద పడుతుంది.

నెలాఖరున, మామూలుగా 30న, అధికారులు ఊళ్ళలో పౌరహక్కుల దినం జరుపుతారు. అందులో దూరితే పర్మిషన్ బాధ ఉండదు. కాకపోతే తహసీల్దారు, ఎస్సై ముందు కూర్చుంటే జనం నవ్వు బిగబట్టుకుంటారు. మొదటి ప్రదర్శనకు అది వద్దు.

గుంతకల్లు_జంక్షన్:

అంతా బాగుంది గానీ ఒక మాట. ప్రతిదాన్నీ నవ్వులాటలోకి దించితే విషయం తేలికైపోతుంది. 1998లో వేంపెంట ఊళ్ళో దళితుల్ని చంపిన ఉమ్మడి కర్నూలు జిల్లా ఇది. జనం నవ్వుకోని ఇంటికి పోతారు, ఇల్లు మాత్రం ఎవరికీ అద్దెకివ్వరు.

జుట్టుపోలిగాడు:

వేంపెంట మీద ఎవురూ జోకు రాయరు, రాయగూడదు. చావు, మానభంగం, దాడి, ఈ మూడూ స్కిట్‌లోకి రాగూడదని ముందే గీత గీసుకోండి. కానీ ఏడుపు సినిమా వల్ల ఇల్లు అద్దెకు దొరికిందా? 1938లోనే "మాలపిల్ల" వచ్చింది. అప్పటి నుంచీ మన తెరమీద ఎక్కువగా చూసేది ఒకటే, దళిత పాత్ర బాధ పడాల, పై కులం పాత్ర మనసు మార్చుకోవాల, చప్పట్లు ఆయనకే. జాలి పడినోడు తనను తాను మంచోడనుకుంటాడు. ఆధార్ కార్డు తిప్పి తిప్పి చూసే ఇంటాయనను చూసి నవ్వినోడు, ఈసారి టు లెట్ బోర్డు పెట్టినప్పుడు అదే ప్రశ్న నోటిదాకా వచ్చి తడబడతాడు. నాకు ఆ తడబాటు చాలు. పత్తికొండ వాళ్ళు చివర్లో ఇంటాయనను మార్చేసి తాళంచెవి ఇప్పించగూడదు, అది కూడా ముందే చెప్తున్నా.

పత్తికొండ_బృందం:

అందరికీ థాంక్స్. అద్దె ఇల్లు ఖాయం, తిట్టు తీసేస్తున్నాం, ఊళ్ళలో స్కిట్ మాత్రమే. ఒక్కటే మిగిలింది. ఇంటామె పాత్రకు ఏం చేయించాలో తేలడం లేదు, ఊరికే నిలబడి ఉంది.

జుట్టుపోలిగాడు:

అసలు దర్యాప్తు ఆమెది. భర్త కుర్చీలో కూర్చోని పేరు, ఊరు అడుగుతాండగానే ఆమె వంటగదిలోంచి "నీసు తింటారా?" అంటుంది. "తింటామక్కా." "ఏమేం తింటారు?" "మీరు పెట్టింది తింటామక్కా." ఆమెకు కావాల్సింది పెద్ద కూర (గొడ్డు మాంసం) అనే మాట, ఆ మాట తనే అనలేదు, వాడు అనడం లేదు. కోడి, పొట్టేలు, చేప, రొయ్య, ఒక్కొక్కటే పేరు చెప్పుకుంటా పోవాల, ప్రతిదానికీ వాడు "ఊ" అనాల. ఐదోదాని దగ్గర ఆగిపోయి భర్తను చూడాల. భర్త పైకప్పు చూడాల. నాలుగు పేర్లు మాత్రమే, ఆరు చెప్పిస్తే మెనూ కార్డు అవుతుంది.